అమ్మ టిఫిన్ కొట్టుకు ఏ అప్పు తీసుకోవాలి: డ్వాక్రానా, మైక్రోఫైనాన్సా?

తమ్ముడూ, మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. పొదిలి దగ్గర పల్లెలో ఉండే మీ అమ్మగారు రెండేళ్ళుగా ఇంటి అరుగు మీదే పొద్దున పూట ఇడ్లీ, దోసె అమ్ముతున్నారు. ఇప్పుడు బస్టాండు సెంటర్లో గది తీసుకుని టిఫిన్ సెంటర్ పెట్టాలని ఆవిడ కోరిక. నాన్నగారు తాపీ పనికి వెళ్తారు, వానాకాలంలో పని తక్కువ. మీరు హైదరాబాదులో ఉద్యోగం. డ్వాక్రా గ్రూపుకు కొత్త లోను వస్తోంది, అమ్మగారి వాటాకు లక్ష దాకా రావచ్చు గానీ నెలన్నర పడుతుందంటున్నారు. ఈలోగా మైక్రోఫైనాన్స్ కుర్రాడొకడు వచ్చి మూడు రోజుల్లో 60 వేలు ఇప్పిస్తానన్నాడు. ఏది తీసుకోవాలి, అసలు ఈ చిన్న అప్పులతో ఆడవాళ్ళు బాగుపడ్డారా మునిగారా అని మీ ప్రశ్న.

సలహా ఇచ్చేది ఎవరో తెలియాలి కాబట్టి నా సంగతి రెండు ముక్కల్లో. 1996లో మా ఊరి సంఘాలకు పుస్తకాలు రాసే అమ్మాయిగా మొదలుపెట్టి, తర్వాత పొదుపు సంఘాల కోసం ప్రభుత్వం పెట్టిన వెలుగు పథకంలో సీసీగా, అంటే సంఘాలను దగ్గరుండి చూసుకునే ఉద్యోగిగా, నెల్లూరు జిల్లా మెట్ట మండలాల్లో ఇరవై ఏళ్ళు తిరిగాను. కొన్ని వందల లోన్ల కాగితాలు నా చేతి మీదుగా వెళ్ళాయి. వాటిలో గర్వంగా చెప్పుకునేవి ఉన్నాయి, తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేసేవీ ఉన్నాయి.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ 60 వేలు వద్దు. లక్ష వచ్చినా మొత్తం తీసుకోవద్దు. గది ఇప్పుడే వద్దు. ఒక బండి చేయించి, గ్రూపు సొంత పొదుపులోంచి ఇచ్చే అంతర్గత అప్పుతో మొదలుపెట్టమనండి. ఎందుకో చెప్పడానికి కొంచెం లెక్క, కొంచెం పాత కథ కావాలి.

అప్పు ఇచ్చేవాళ్ళు పైకి ఏం చెప్పినా, వాళ్ళు చూసేది వ్యాపారాన్ని కాదు. వాయిదా రోజున ఆ ఇంట్లో డబ్బు ఉంటుందా, ఉండదా అన్నదే చూస్తారు. కావాలంటే అమ్మగారిని అడిగి చూడండి. ఆ కుర్రాడు రోజుకు ఎన్ని ప్లేట్లు పోతాయని అడిగి ఉండడు. మీ ఆయన రోజుకు ఎంత తెస్తాడు, అబ్బాయి ఎక్కడ పని చేస్తాడు, సొంతిల్లేనా అని అడిగి ఉంటాడు. అతని తప్పు కాదు, నిబంధన కూడా అలాగే ఉంది. ఆర్‌బీఐ 2022 ఏప్రిల్ నుంచి అమలు చేస్తున్న రూల్ ప్రకారం ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేదే మైక్రోఫైనాన్స్ లోను. ఆ ఇంటి అప్పులన్నిటి వాయిదాలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. చూశారా, లెక్కంతా కుటుంబం మీదే. కాగితం మీద 'టిఫిన్ సెంటర్' అని రాస్తారు గానీ, ఆ టిఫిన్ సెంటర్ నడవకపోతే వాయిదా కట్టేది నాన్నగారి తాపీ, మీ జీతం. అందుకే ఏ ఆడమనిషి అప్పు అడిగినా నేను మొదట వేసే ప్రశ్న ఒకటే: వ్యాపారం మొదలైన నెలలో వాయిదా ఎక్కడి నుంచి కడతావమ్మా?

ఈ ప్రశ్న నేను పుట్టుకతో నేర్చుకోలేదు. 2007లో, పావలా వడ్డీ పథకం రోజుల్లో, మాకు పాడి గేదెల టార్గెట్ ఉండేది. ఒక ఊళ్ళో పదకొండు మందిని ఒప్పించి, ఒకే వారం, ఒకే సంతకి తీసుకెళ్ళాను. ఆటోలు దిగకముందే దళారులకు కబురు అందిపోయింది, లోను డబ్బులతో ఆడవాళ్ళు వస్తున్నారని. అంతకు ముందు వారం కంటే ఒక్కో గేదె ధర రెండు మూడు వేలు ఎక్కువ చెప్పారు. పొద్దున పాలు పితక్కుండా పొదుగు నింపి నిలబెట్టిన గేదెల్ని చూసి నేనూ మోసపోయాను. మేం ఇంటికి చేరాక పూటకు మూడు లీటర్లు ఇస్తుందన్నది లీటరున్నర కూడా ఇవ్వలేదు. ఇంకో విషయం, ఊరి పాల కేంద్రంలో పాలు పోసే వాళ్ళు ఒక్కసారిగా పెరిగేసరికి మేత ధర కూడా పెరిగింది. ఏడెనిమిది నెలలకు గేదెలు వట్టిపోయాయి. గేదె వట్టిపోతే మళ్ళీ ఈనేదాకా దాన్ని ఊరికే మేపాలి. బ్యాంకు వాయిదా మాత్రం వట్టిపోదు కదా. ఆ పదకొండు మందిలో నలుగురు ఏడాది తిరక్కుండా గేదెల్ని అమ్మేశారు. మిగతావాళ్ళు కూలికి వెళ్ళి, మేత ఖర్చూ వాయిదా రెండూ ఈడ్చుకొచ్చారు. ఒకామె నన్ను తిట్టలేదు గానీ, 'గేదెను నేను మేపుతున్నానా అక్కా, గేదె అప్పును మేపుతున్నానా' అంది. ఆ రిపోర్టులో మాత్రం రికవరీ నూటికి నూరు శాతం అనే రాశాం. అబద్ధం కాదు, నిజంగానే కట్టారు. ఎక్కడి నుంచి తెచ్చి కట్టారో రాసే గడి ఆ ఫారంలో లేదు.

అదే ఊళ్ళో అంతకు ముందు నుంచి ఒక గేదె ఉండి, రెండోది కొనడానికి లోను తీసుకున్నామెకు మాత్రం బాగా కలిసొచ్చింది. ఒకటి వట్టిపోయిన కాలంలో ఇంకోటి పాలిచ్చేలా చూసుకుంది. గేదెను ఎలా చూడాలో తెలుసు, పాల కేంద్రంలో వెన్న శాతం ఎలా కొలుస్తారో తెలుసు, పది రోజులకోసారి వచ్చే పాల బిల్లుకు వాయిదా తేదీ ఎలా సర్దాలో తెలుసు. అప్పు ఆమెకు కొత్త పని నేర్పలేదు. ఉన్న పనిని పెంచింది, అంతే. మీ అమ్మగారు ఈ రెండో రకం మనిషి. రెండేళ్ళుగా అమ్ముతున్నారు, చేతిలో పని ఉంది. అందుకే అసలు అప్పే వద్దని నేను అనడం లేదు.

ఆడవాళ్ళు బాగుపడ్డారా అన్న పెద్ద ప్రశ్నకు వస్తాను. నేను చూసినంతలో ఎక్కువ మందికి మేలు జరిగింది వ్యాపారంతో కాదు, పాత వడ్డీ నుంచి బయటపడడంతో. రోజువారీ ఫైనాన్స్ లెక్క మీకు తెలుసా? పది వేల అప్పంటాడు, వెయ్యి ముందే పట్టుకుని చేతికి తొమ్మిది వేలిస్తాడు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తీరుస్తూ వస్తున్నారు కాబట్టి, సరిగ్గా లెక్క కడితే నూటికి నెలకు ఆరు రూపాయలు దాటుతుంది. కూరగాయల బండ్ల దగ్గర పొద్దున తొమ్మిది వందలిచ్చి సాయంత్రం వెయ్యి పట్టుకెళ్ళే వాళ్ళు కూడా ఉన్నారు, దాన్ని నెల లెక్కలో చెప్పడానికి నోరు రాదు. 2015 చివర్లో విజయవాడలో కాల్ మనీ గొడవ, అంటే అధిక వడ్డీకి అప్పులిచ్చి ఆడవాళ్ళను వేధించిన సంగతి, బయటపడినప్పుడు పేపర్లలో చదివి అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు గానీ, మాకు అందులో కొత్తేం కనిపించలేదు.

బజ్జీల బండి పెట్టుకున్న ఒకామె గ్రూపు లోను తన వాటా 20 వేలు రాగానే ఒక్క రూపాయి కూడా బండి మీద పెట్టలేదు. ఐదు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు తీర్చి, తాకట్టులో ఉన్న చెవి కమ్మలు విడిపించుకుంది. అప్పట్లో మా పైవాళ్ళు దీన్ని 'ఉత్పాదకత లేని ఖర్చు' అని రాయించేవారు, నేనూ రాశాను. ఇప్పుడు చెప్తున్నా, అంత లాభసాటి పెట్టుబడి ఆమెకు ఇంకోటి దొరికేది కాదు. అంతకు ముందు నెలకు వెయ్యి రూపాయలు వడ్డీకే పోయేది. రూపాయి వడ్డీ లోనుతో అది రెండు వందలకు దిగింది. బజ్జీలు ఒక్కటి కూడా ఎక్కువ అమ్మకుండానే నెలకు ఎనిమిది వందలు మిగిలాయి. ఆ ఎనిమిది వందలతోనే వాళ్ళ రెండో అమ్మాయి ఇంటర్ ఫీజు కట్టింది. మీ ఇంట్లో ఎక్కడైనా ప్రైవేటు అప్పు ఉంటే, ముందు అది తీర్చండి. టిఫిన్ సెంటర్ సంగతి ఆ తర్వాత.

ఇక్కడ కాస్త పాత కథ చెప్పాలి, మా జిల్లా కథ కాబట్టి చెప్పకుండా ఉండలేను. 1991-92 ప్రాంతంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబర్ నుంచి సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు ఆగింది కదా, అందులో రోజుకో రూపాయి దాద్దాం అని ఆడవాళ్ళు మొదలుపెట్టిందే పొదుపులక్ష్మి. రోజుకో రూపాయి, నెలకు ముప్పై. నేను పుస్తకాలు రాయడం మొదలుపెట్టినప్పుడు నా ముందున్న ట్రంకు పెట్టెలో ఉండేవి ఆ ముప్పైలే. పక్క దేశం బంగ్లాదేశ్‌లో 1976లో ముహమ్మద్ యూనస్ జోబ్రా ఊళ్ళో 42 మందికి మొత్తం కలిపి 27 డాలర్లు తన జేబులోంచి అప్పిచ్చి మొదలుపెట్టాడు. గ్రామీణ బ్యాంకు అలా పుట్టింది, 2006లో నోబెల్ శాంతి బహుమతి కూడా వచ్చింది. ఆయన దారి అప్పుతో మొదలైంది. మనది పొదుపుతో. 1992లో గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు దేశమంతా 500 గ్రూపులతో బ్యాంకు లింకేజీ, అంటే పొదుపు గ్రూపులకు బ్యాంకు అప్పు ఇప్పించే ప్రయోగం చేసినప్పుడు కూడా ముందు పొదుపు, తర్వాతే అప్పు. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ, అసలు కథ అక్కడే ఉంది. పెట్టెలో ఉన్నది తమ డబ్బే అయితే, ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అని ఆడవాళ్ళు గట్టిగా కొట్లాడుకుంటారు. కంపెనీ డబ్బు అయితే, వచ్చినంత తీసుకుందాం అంటారు.

ఆ తేడా 2010లో బయటపడింది. అంతకు ముందే 2006లో కృష్ణా జిల్లాలో మైక్రోఫైనాన్స్ కంపెనీల బ్రాంచీలు యాభై దాకా అధికారులు మూయించారు. అయినా నాలుగేళ్ళలో వీధికో కంపెనీ అయింది. నేను తిరిగే ఒక కాలనీలో సోమవారం ఒక కంపెనీ మీటింగు, మంగళవారం ఇంకోటి, బుధవారం మరోటి. ఒకే ఆడమనిషి మూడు మీటింగుల్లోనూ అదే చాప మీద కూర్చునేది. సోమవారం వాయిదాకు మంగళవారం కంపెనీ డబ్బు, మంగళవారం వాయిదాకు గ్రూపు డబ్బు. అటు తీసి ఇటు పెట్టడమే తప్ప మధ్యలో వ్యాపారం ఎక్కడా లేదు. ఒకరు కట్టకపోతే మీటింగు విడిచిపెట్టేవాళ్ళు కాదు, మిగతా ఆడవాళ్ళే ఆమె ఇంటి ముందు కూర్చునేవారు. ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, తర్వాత అదే చట్టమైంది. వసూళ్ళు ఒక్కసారిగా ఆగిపోయాయి. నిజం చెప్పాలంటే ఊళ్ళో ఊపిరి పీల్చుకున్నారు. కానీ రెండు నెలలకే మళ్ళీ రోజువారీ ఫైనాన్స్ వాళ్ళ బైకులు ఎక్కువయ్యాయి, అది కూడా నేను చూశాను. తర్వాత దీని మీద రిజర్వు బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ సిఫార్సులు, ఆర్‌బీఐ కొత్త నిబంధనలు వచ్చాయి. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు ఆర్‌బీఐ కింద నమోదైన కంపెనీలకు 2010 నాటి ఆ చట్టం వర్తించదని చెప్పింది. కాబట్టి 'అవన్నీ బ్యాన్ చేశారు కదా, ఈ కుర్రాడు దొంగ కంపెనీయా' అని మీరు అనుమానపడక్కర్లేదు. కంపెనీ ఆర్‌బీఐలో నమోదైందో లేదో మాత్రం చూసుకోండి.

చదువుకున్నవాళ్ళు దీన్ని ఎలా కొలిచారో కూడా చెప్తాను, ఎందుకంటే అది మన హైదరాబాదులోనే జరిగింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో బృందం 104 బస్తీల్ని తీసుకుని, లాటరీ వేసినట్టు సగం బస్తీల్లో ముందు మైక్రోఫైనాన్స్ బ్రాంచీ తెరిపించి, మిగతా సగంతో పోల్చి చూసింది. తేలిందేంటంటే, ఇంటి ఖర్చు సగటున పెద్దగా పెరగలేదు, పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ళ మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్ళు అందులో ఇంకా పెట్టుబడి పెట్టారు. టీ, గుట్కా, జూదం లాంటి ఖర్చులు కొంచెం తగ్గించుకుని సామాన్లు కొనుక్కున్నారు. నేను పల్లెల్లో కళ్ళతో చూసిందీ దాదాపు ఇదే. అద్భుతమూ కాదు, ఉచ్చూ కాదు. పని తెలిసిన చేతికి అందితే పనిముట్టు. ఒక్క విషయంలో మాత్రం ఆ కొలతలకు అందనిది ఉందని నా నమ్మకం. 1996లో బ్యాంకు మేనేజరు గదిలోకి వెళ్ళమంటే గోడకు అంటుకుని నిలబడ్డ ఆడవాళ్ళు, పదేళ్ళ తర్వాత అదే గదిలో కుర్చీలో కూర్చుని 'సార్, మా వడ్డీ రాయితీ ఎందుకు జమ కాలేదు' అని నిలదీశారు. అది మైక్రోఫైనాన్స్ మీటింగుల్లో రాలేదు. సంఘం వల్ల వచ్చింది.

సరే, మీ అమ్మగారి లెక్కకు వద్దాం.

ముందు వడ్డీ మాట. ఎవరైనా '12 శాతమే' అంటే ఫ్లాటా, తగ్గే బాకీ మీదా అని అడగండి. 40 వేలకు ఏడాదికి 12 శాతం ఫ్లాట్ అంటే 4,800 వడ్డీ. కానీ ప్రతి నెలా అసలు తగ్గుతూ ఉంటే వడ్డీ మాత్రం మొత్తం 40 వేల మీద వేసినట్టు. నిజమైన రేటు 21 శాతం దాటుతుంది. ఇప్పుడు కంపెనీలు ఇచ్చే కాగితంలో అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది రేటు రాసి తీరాలి, అది చూడండి.

60 వేలు, 24 శాతం, రెండేళ్ళు అనుకుందాం. నెల వాయిదా 3,170 చుట్టూ వస్తుంది. అదే డబ్బు రూపాయి వడ్డీకి గ్రూపు ద్వారా వస్తే 2,825. తేడా నెలకు 350 లోపే, రెండేళ్ళకు ఎనిమిది వేల పైచిలుకు. మీరు అనుకున్నంత పెద్ద తేడా కాదు కదా? అందుకే ఆ కుర్రాడు తెలివైనవాడైతే, 'నెలన్నర ఆగితే పోయే లాభం అంతకంటే ఎక్కువ' అంటాడు. నిజమే, గది తెరిచిన రోజు నుంచే లాభం వస్తే. వస్తుందా అన్నదే చూడాలి.

గదిలో రోజుకు 70 ప్లేట్లు, ప్లేటు 30 చొప్పున 2,100 అమ్మకం అనుకోండి. పప్పు, రవ్వ, బియ్యం, నూనె, పల్లీలు కలిపి 950. గ్యాస్ 200. సాయానికి ఒక మనిషి 300. అద్దె రోజుకు 100 పడుతుంది. కరెంటు, కవర్లు, పేపరు ప్లేట్లు 80. మిగిలేది 470. నెలకు 26 రోజులకు 12,220. బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఇప్పుడు అరుగు మీదే, అద్దె లేకుండా, మనిషి లేకుండా, రోజుకు 30 ప్లేట్లు 20 చొప్పున అమ్మితే ఖర్చులు పోను 270 మిగులుతుంది, నెలకు 7 వేలు. అది ఎలాగూ ఆగిపోతుంది. అంటే గది వల్ల కొత్తగా కలిసేది 5,200. అందులో 3,170 వాయిదాకు పోతుంది. చేతికి రెండు వేలు. అదీ 70 ప్లేట్లు పోతేనే, మొదటి రెండు నెలలు పోవు. ఈ రెండు వేల కోసం అడ్వాన్సు, టేబుళ్ళు, కుర్చీలు, బోర్డు, టెన్షన్.

బండి లెక్క చూడండి. అదే సెంటర్లో బండి మీద 45 ప్లేట్లు, 1,350 అమ్మకం. సరుకులు 615, గ్యాస్ 150, కవర్లు 50. మిగిలేది 535. తక్కువ అమ్మి ఎక్కువ మిగులుతోంది, ఎందుకంటే అద్దె, మనిషి కూలీ రెండూ లేవు. పని లేని రోజుల్లో నాన్నగారు పక్కన ఉంటే మరీ మంచిది. మా వైపు ఐరన్ బండి, రెండు పొయ్యిలు, పెద్ద పెనం, సెకండ్ హ్యాండ్ గ్రైండరు అన్నీ 35 వేలలో అయిపోతాయి. మీ వైపు ధర అడిగి సరిచూసుకోండి. ఆ 35 వేలు రూపాయి వడ్డీకి, పద్దెనిమిది నెలలకు తీసుకుంటే వాయిదా 2,135 దాటదు. బండి ఆగిపోయినా అరుగు వ్యాపారంతోనే కట్టగలిగే వాయిదా ఇది. నాకు కావాల్సింది అదే. వంద ప్లేట్లు దాటిన రోజు గది గురించి మళ్ళీ మాట్లాడుకుందాం, అప్పుడు లెక్క తిరగబడుతుంది.

పన్నెండేళ్ళ గ్రూపు అంటున్నారు కాబట్టి ఖాతాలో పొదుపు బాగానే ఉండాలి. ఈ వారం మీటింగులో తీర్మానం రాయిస్తే అంతర్గత అప్పు వారం లోపే ఇవ్వచ్చు, బ్యాంకు కోసం ఆగక్కర్లేదు. అది చాలకపోతే సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి సంస్థ ఉంది, గ్రామ సంఘం ద్వారా అడగాలి. అలా అని మన సంఘాలన్నీ సత్తెకాలపువని నేను అనను. లోను రాగానే ఎవరికి ఎంత అవసరం అని చూడకుండా పది లక్షల్ని పది మందికి లక్ష చొప్పున పంచేస్తారు. ఎవరికి ఎంత, ఎందుకు అని రాయాల్సిన సూక్ష్మ రుణ ప్రణాళిక అని ఒక కాగితం ఉంటుంది, చాలా చోట్ల అది బ్యాంకు కోసం ఒక్క సాయంత్రంలో రాసే కథ. అవసరం లేనామె తన వాటాను పక్కింటామెకు ఇస్తుంది, ఆవిడ కట్టకపోతే ఇద్దరూ మాట్లాడుకోరు. అమ్మగారు ఎవరి పేరు మీదా తీసుకోవద్దు, తన పేరు మీద ఎవరికీ ఇవ్వద్దు. మొహమాటం ఇక్కడ చాలా ఖరీదు. గ్రూపు లోను 10 లక్షల వరకు తాకట్టు అడగకూడదు, పొదుపు ఖాతాను పట్టి ఉంచకూడదు. బ్యాంకులో ఎవరైనా 'సగం డబ్బు ఖాతాలోనే ఉంచండి' అంటే ఒప్పుకోవద్దు. గ్రూపు మొత్తం మీద మొదటి 3 లక్షల వరకు 7 శాతమే వడ్డీ. ఇది కాక సున్నా వడ్డీ అనీ, రాయితీ అనీ వచ్చేవి ప్రభుత్వాలతో పాటు పేర్లు మారుతుంటాయి. వస్తే సంతోషం, లెక్కలో మాత్రం కలపొద్దు.

ఇంత చెప్పినా అమ్మగారు మైక్రోఫైనాన్స్ వైపే మొగ్గితే, కనీసం ఇవి తెలిసి ఉండాలి. లోను కార్డు ఆవిడకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ముందే తీర్చేస్తే పెనాల్టీ వేయకూడదు. ఆలస్యమైతే జరిమానా కట్టని వాయిదా మీదే తప్ప మొత్తం లోను మీద కాదు. పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత ఫోన్లు చేయకూడదు. వాయిదా అనుకున్న చోటే తీసుకోవాలి, వరుసగా రెండు సార్లు అక్కడికి రాకపోతేనే ఇంటికో పనిచేసే చోటుకో రావాలి. కంపెనీ వాళ్ళు వినకపోతే ఆర్‌బీఐ నంబరు 14448. ఇన్సూరెన్స్ కట్ చేస్తే ఎవరి పేరు మీద, భార్యాభర్తలిద్దరికీ వర్తిస్తుందా అని అడిగి కాగితం తీసుకోండి. ఇంటి పెద్ద పోయాక ఆ కాగితం కోసం బీరువా అంతా వెతికిన వాళ్ళను చూశాను.

ముద్ర లోను గురించి కూడా అడిగారు. 50 వేల లోపు శిశు రకం తాకట్టు లేకుండా ఇస్తారు, కానీ గ్రూపు బాకీ సరిగ్గా కట్టిన చరిత్ర, ఆరు నెలల ఖాతా లావాదేవీలు చూపిస్తే మేనేజరు త్వరగా కదులుతాడు. అందుకే బండి మీద ఫోన్ పే స్కానర్ అమ్మగారి ఖాతాకే పెట్టించండి, మీ ఖాతాకో నాన్నగారి ఖాతాకో కాదు. రేపు గదికి పెద్ద లోను అడిగే రోజున ఆ స్టేట్‌మెంటే ఆవిడ తరఫున మాట్లాడుతుంది. బండికి ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కూడా ఆవిడ పేరు మీదే చేయించండి. తర్వాత ఎప్పుడైనా కారప్పొడి, పచ్చళ్ళ వైపు వెళ్ళాలనుకుంటే, గ్రూపు సభ్యురాలికి 40 వేల దాకా పెట్టుబడి ఇచ్చే కేంద్ర పథకం ఒకటి వచ్చింది, ఇప్పుడూ నడుస్తోందేమో వెలుగు ఆఫీసులో పీఎంఎఫ్‌ఎంఈ అని అడగండి.

అరువు సంగతి ఒక్కటి మర్చిపోయాను. అరుగు మీద తిన్నవాళ్ళు చుట్టాలు, పక్కిళ్ళవాళ్ళు కాబట్టి నెలాఖరుకు ఇస్తామంటారు. బండి మీద ఆ అలవాటు తీసుకెళ్తే మునుగుతారు. నేను చూసిన చిన్న కొట్లలో సగానికి సగం అప్పు వల్ల కాదు, అరువు వల్ల మూతబడ్డాయి. మొదటి రోజు నుంచే లేదనాలి. చుట్టాలకు అంటే మొదటి ఒకటి రెండు సార్లు మీరే ఫోన్ చేసి చెప్పండి, అమ్మగారి నోటితో అనిపించకండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒకటుంది. ఈ రాత్రి ఫోన్ చేసి, నిన్న ఎన్ని ప్లేట్లు పోయాయమ్మా, ఎంత పిండి మిగిలింది అని అడగండి. ఠక్కున చెప్తే బండికి ఆర్డర్ ఇచ్చేయండి. 'ఏమో నాయనా, పోయినన్ని పోయాయి' అంటే, వంటింట్లో పాల లెక్క రాసే క్యాలెండర్ ఉంటుంది కదా, ఓ పదిహేను రోజులు ఆ గడుల్లోనే ప్లేట్ల లెక్క కూడా రాయమనండి. ఆ పేజీ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. నేను పైన వేసిన అంకెలన్నీ కొట్టేసి ఆవిడ అంకెలతో మళ్ళీ వేద్దాం.